‘పాలపళ్ళే కదా’ అనే మాట ఇంక నా ముందు ఎవరూ అనకండి

ఇందాకే పటమటలో గృహప్రవేశం నుంచి వచ్చా. చీర కూడా మార్చుకోలేదు, ముందు ఇది రాయాలి. నాలుగేళ్ల మా పాప బొబ్బట్టు కొరికి కెవ్వుమంది. దవడ పళ్ళు పుచ్చిపోయాయి. పక్కనున్న పెద్దావిడ దాని నోరు తెరిపించి చూసి, ‘పాలపళ్ళే కదమ్మా, ఊడిపోయేవాటికి వేలకు వేలు పోస్తారా?’ అంది. ఏడుపు మానడానికి చేతిలో చాక్లెట్ పెట్టింది!

ఎప్పుడు ఊడతాయి? ముందు పళ్ళు ఆరేడేళ్లకి. దవడ పళ్ళు పది, పన్నెండేళ్ల దాకా ఊడవు. అప్పటిదాకా ఈ పిల్ల ఎలా నమలాలి? అన్నం బుగ్గన పెట్టుకుని గంటసేపు కూర్చుంటే మారాం అనుకుని తిట్టాను నేను. నొప్పి అని తెలీలేదు. తలుచుకుంటే పేగులు మెలిపెట్టినట్టవుతుంది.

చీము పడితే లోపల తయారవుతున్న అసలు పన్నుకీ దెబ్బే. ముందే పీకేస్తే పక్క పళ్ళు జరిగి దానికి చోటుండదు.

ఏడాదిన్నరప్పుడు పై పళ్ళకి చిగురు దగ్గర సుద్ద రాసినట్టు తెల్ల గీత కనపడింది. టీకాకి వెళ్ళినప్పుడు డాక్టరుగారిని అడిగాను. చూడకుండానే ‘పాలపళ్ళేగా’ అన్నారు. పుచ్చుకి అదే మొదటి గుర్తట! అప్పుడే రాత్రి సీసా మాన్పించి, పళ్ళని గట్టిపరిచే పూత, ఫ్లోరైడ్ వార్నిష్, రాయిస్తే ఆగేదేమో. నిద్రలో లాలాజలం తగ్గుతుంది, నోట్లో నిలిచిన తీపి పాలు తెల్లార్లూ పళ్ళని తినేస్తాయి.

ఇంట్లో మాత్రం తీర్పు ఒకటే, ‘తల్లి సరిగ్గా తోమలేదు’ అని. అర్ధరాత్రి ‘సీసా పట్టించు, నిద్ర పాడవుతోంది’ అన్నదెవరు? అందులో పంచదార కలిపిందెవరు? బ్రష్ తీస్తే ‘పసిదాన్ని ఏడిపించకు’ అని లాక్కున్నదెవరు? ఈయన ఒక్క రాత్రైనా తోమారా? పిల్లకి తండ్రి లేడా?

వచ్చే వారం రెండు పళ్ళకి రూట్ కెనాల్, మీద స్టీలు క్యాప్‌లు. ముందు పళ్ళకి సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ అని పుచ్చుని ఆపే మందు రాశారు. పుచ్చు ఆగింది, ఆ చోటు నల్లబడింది. ఇవాళ ఆ నలుపు గురించి కూడా గుసగుసలు. మాట్లాడుకోనీ. నొప్పి లేని నల్ల పన్ను చాలు నాకు.

చిన్నాడికి మొన్ననే మొదటి పన్ను వచ్చింది. బియ్యపుగింజంత ఫ్లోరైడ్ పేస్టుతో రెండు పూటలా నేనే తోముతున్నా. సీసా పక్క మీదకి రాదు. వాడి చేతిలో చాక్లెట్ పెట్టేవాళ్ళెవరూ మా గుమ్మం ఎక్కొద్దు.