డ్రైడెన్ అడిగింది ఇంకా బాకీయే

కెనడా ఐస్ హాకీ గోలీ (గోల్‌కీపర్) కెన్ డ్రైడెన్ 2025 సెప్టెంబరు 5న క్యాన్సర్‌తో కన్నుమూశారు. వయసు 78. ఆ దేశం ఆయన గెలిచిన ఆరు స్టాన్లీ కప్పుల్ని, అంటే ఉత్తర అమెరికా హాకీ లీగ్ ఎన్‌హెచ్ఎల్ విజేతకిచ్చే ట్రోఫీల్ని, తలచుకుంది. మాకు మాత్రం ఆయన ఆడకుండా కూర్చున్న 1973-74 సీజనే ముఖ్యంగా తోస్తోంది. తన జట్టు మాంట్రియల్ కెనడియన్స్‌తో జీతం దగ్గర పేచీ వస్తే, లా చదివిన డ్రైడెన్ టొరంటోలో ఒక లాయర్ల ఆఫీసులో వారానికి 134 డాలర్లకు అప్రెంటిస్‌గా చేరిపోయారు. అప్పటికే రెండు కప్పులు గెలిచిన గోలీ! మరుసటి ఏడాది మెరుగైన కాంట్రాక్టుతో తిరిగొచ్చారు.

ఆట సంగతి కొత్తగా వాదించేదేం లేదు. 1971లో ఆరంటే ఆరు లీగ్ మ్యాచ్‌ల అనుభవంతో కప్పు తేల్చే ప్లేఆఫ్స్‌లో దిగి, బాబీ ఆర్, ఫిల్ ఎస్పొసిటో లాంటి మేటి ఆటగాళ్లున్న బోస్టన్ బ్రూయిన్స్‌ను ఇంటికి పంపారు. ప్లేఆఫ్స్‌లో ఉత్తమ ఆటగాడి ట్రోఫీ ముందొచ్చింది, ఉత్తమ కొత్త ఆటగాడి ట్రోఫీ మరుసటి ఏడాది! మొత్తం 397 లీగ్ మ్యాచ్‌ల్లో ఆయన ఓడినవి 57. డిఫెన్స్ గట్టిది కాబట్టే అనేవాళ్లున్నారు. ముందు లారీ రాబిన్సన్, సెర్జ్ సవార్డ్ లాంటి డిఫెండర్లుంటే పని తగ్గేమాట నిజమే. కానీ చాలాసేపు ఖాళీగా నిలబడి, ఉన్నట్టుండి దూసుకొచ్చే ఒక్క షాట్‌ను ఆపడానికి వేరే నిగ్రహం కావాలి. ఆట ఆగినప్పుడు స్టిక్ మీద గడ్డం ఆనించి, బస్సు కోసం చూస్తున్న మనిషిలా నిలబడేవారు.

వరుసగా నాలుగో కప్పు గెలిచి, 1979లో 31 ఏళ్లకే ఆట మానేశారు. తర్వాత ఎంపీ, కేంద్ర మంత్రి. పిల్లల సంరక్షణ పథకానికి పది ప్రావిన్సుల్నీ ఒప్పించారు. ప్రభుత్వం మారగానే అది అటకెక్కింది.

చివరి ఏళ్లలో ఆయన పట్టుకున్న విషయం తల దెబ్బలు. స్టీవ్ మాంటడార్ అనే ఆటగాడు 2015లో 35 ఏళ్లకే చనిపోయాడు. మెదడు పరీక్షిస్తే, పదేపదే తగిలిన దెబ్బలతో వచ్చే సీటీఈ వ్యాధి బయటపడింది. డ్రైడెన్ అతని కథను పుస్తకంగా రాశారు. ఆయన కోరింది ఒక్కటే: ఎలా తగిలినా, ఎవరి తప్పయినా, తలకు తగిలిన ప్రతి దెబ్బకూ పెనాల్టీ వేయాలి.

ఎన్‌హెచ్ఎల్ 2010లో తెచ్చిన నిబంధన అంతదూరం వెళ్లలేదు. తల ప్రధానంగా దెబ్బతినాలి, ఆ దెబ్బ తప్పించగలిగేదై ఉండాలి అంటూ దానికి షరతులున్నాయి. 2018లో మాజీ ఆటగాళ్ల కేసులో దాదాపు 1.9 కోట్ల డాలర్లకు రాజీపడుతూ, లీగ్ తప్పు ఒప్పుకోలేదు. ఆటకూ సీటీఈకీ సంబంధం రుజువు కాలేదని కమిషనర్ గ్యారీ బెట్‌మన్ అంటూనే వచ్చారు. రుజువు కోసం ఇంకెన్ని మెదళ్లు కోయాలో ఆయన చెప్పాలి. ఈలోగా పెనాల్టీ వేయడానికి అడ్డేమిటి? రిఫరీ చేతిలో ఈల ఉంది, నిబంధనలో ఆ షరతులు తీసేస్తే చాలు.