22 భాషల్లో దాహం

దేశ సమైక్యత ఇంతకాలం ఎందుకు కుంటుతోందో మొన్న ఉట్నూరు ఏజెన్సీలోని ఒక బడిలో నాకు తెలిసివచ్చింది. మన పిల్లలకు బెంగాలీలో నమస్కారం పెట్టడం రాకపోవడమే కారణం. ఆ లోటు పూడ్చడానికే 2018లో ఢిల్లీవారు భాషా సంగమం తెచ్చారు. రోజుకో భాష, భాషకు అయిదు వాక్యాలు, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషలూ పూర్తయ్యేసరికి దేశం ఒక్కటైపోతుంది. దాని తాలూకు సభకే నన్ను హన్మకొండ నుంచి అతిథిగా పిలిచారు. శాలువా కప్పుతామంటే నేను ఎంత దూరమైనా వెళ్తాను.

ఆ రోజు వంతు బెంగాలీది. గోండు పిల్లలంతా ఎండలో బారులు తీరి, తెలుగు పంతులుగారు దేవనాగరిలో చూసి చదువుతున్న బెంగాలీని వల్లెవేస్తున్నారు. "నొమోష్కార్!" కలకత్తాకు వినిపించిందో లేదో గాని, ప్రహరీ పక్కన పడుకున్న మేకలు మాత్రం లేచి నిలబడ్డాయి. గోడమీద హర్యానా పటం, దాని పక్కన ముర్రా గేదె బొమ్మ. సమైక్యత పేరిట తెలంగాణకు కేంద్రం కుదిర్చిన జంట రాష్ట్రం హర్యానా కదా, సంబంధం కలుపుకున్నాక గేదెను గౌరవించాలి.

ఇంతలో ముందు వరుసలోని ఒక పాప మెల్లగా "యేర్" అంది. గోండిలో నీళ్లని అర్థం. పంతులుగారు తెలుగు భాషాభిమాని, ఏరు అనుకున్నారు. "బడి వేళలో వాగు దగ్గరికెందుకే? నిలబడు!" అన్నారు.

ఆయన్ని తప్పుపట్టలేం, ఆ మాట షెడ్యూలులో లేదు. 2011 జనాభా లెక్కల్లో గోండి మా భాష అన్నవారు 29 లక్షల పైమాట, సంస్కృతం అన్నవారు 24,821 మంది. షెడ్యూలు లోపల ఎవరున్నారో, వాకిట్లో ఎవరున్నారో మీకు తెలుసు. పలుకు ఉంటే చాలదు, పలుకుబడి ఉండాలి. ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో బయటపడిన గోండి లిపికి ఆ 2018లోనే యూనికోడ్‌లో చోటు దొరికింది. అంటే కంప్యూటర్‌కు గోండి వచ్చు, పంతులుగారికి రాదు.

మనం కూడా తక్కువ తినలేదు. ఆ ఏడాదే తెలంగాణలోని బడులన్నిటిలో తెలుగు తప్పనిసరి చేస్తూ చట్టం చేసుకుని, అమ్మభాష అమ్మపాలని కళ్లు తుడుచుకున్నాం. తెలుగును తొక్కిపెట్టాడని నిజాంను ఇప్పటికీ తిట్టిపోస్తాం. 1940లో కుమురం భీం జోడేఘాట్‌లో నేలకొరిగాక, ఆ నిజాం ప్రభుత్వమే గోండుల మధ్య ఉండి పరిశోధన చేసిన మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ మాట విని 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం పెట్టింది, గోండిలో వాచకాలు అచ్చువేయించింది. నిజాంకు తట్టిన సంగతి ప్రజాప్రభుత్వాలకు ఉండుండి గుర్తొస్తుంది, నిధులు అయిపోగానే మరుపొస్తుంది.

ఆరేళ్ల పిల్లను అర్థంకాని భాష ముందు రెండేళ్లు మూగదాన్ని చేసి కూర్చోబెడతారు. మూడో ఏట బడి మానేస్తే "వీళ్లకు చదువు ఎక్కదు" అంటారు. ఎక్కనిది ఎవరికయ్యా? ఉద్యోగంలో చేరి ఇన్నేళ్లయినా నీళ్లన్న ఒక్క మాట నేర్చుకోనిది ఎవరు? ఆ పిల్ల మీ భాషలు మూడు మోస్తోంది, మీరు దాని భాషలో ఒక్క మాట మోయలేరా?

కుండ మూడడుగుల దూరంలోనే ఉంది. శాలువా పక్కన పెట్టి లోటాతో ముంచి ఇచ్చాను. పాప వెంటనే తాగలేదు. నీళ్లకు ముందు అది చెప్పాలి కాబోలనుకుని, రెండు చేతులూ జోడించి "నొమోష్కార్" అంది.