479 యంత్రాల లెక్కను ఐదు బూత్‌లకు అతికించకండి

ఎన్నికల ఫలితాలు రాగానే ఓడినవాళ్లు శాతాల గ్రాఫులు పెట్టి ఈవీఎంలలో మోసానికి ఇదిగో రుజువు అంటారు. గెలిచినవాళ్లు ఈవీఎంల మీద 99.99 శాతం నమ్మకముందని ఐఎస్‌ఐ (ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్) నిపుణులే తేల్చారు కదా అంటారు. ముందు ఈ రెండో మాట సంగతి చూద్దాం. బాగా చదువుకున్నవాళ్లు కూడా దీన్ని తప్పుగా వల్లిస్తున్నారు.

2019 మార్చిలో ఎన్నికల సంఘానికి అందిన ఆ నివేదిక చెప్పిందేమిటి? దేశంలోని 10.35 లక్షల ఈవీఎంలలో లాటరీ తీసి 479 ఎంచుకుని, అన్నీ వీవీప్యాట్ స్లిప్పులతో (ఓటు ఎవరికి పడిందో అచ్చయ్యే కాగితాలతో) సరిపోతే, తేడా ఉన్న యంత్రాలు 2 శాతం లోపేనని 99.9936 శాతం నమ్మకంతో చెప్పొచ్చు. 0.98ని 479 సార్లు గుణించి, వచ్చినదాన్ని ఒకటిలోంచి తీసేసి చూడండి, దాదాపు ఆ అంకే వస్తుంది. లెక్క తప్పు కాదు, అడిగిన ప్రశ్నే తప్పు. దేశమంతటినీ ఒకే కుప్పగా పోసి అడిగారు. ఎమ్మెల్యే గెలుపు తేలేది ఆ కుప్పలో కాదు, ఒక నియోజకవర్గంలోని రెండొందల యాభై బూత్‌లలో.

చంద్రబాబు నాయుడు సహా 21 ప్రతిపక్ష పార్టీల నేతలు సగం బూత్‌ల స్లిప్పులు లెక్కించాలని అడిగితే, సుప్రీంకోర్టు 2019 ఏప్రిల్ 8న ఒక్కో అసెంబ్లీ సెగ్మెంటుకు ఐదు బూత్‌లు చాలంది. ఆంధ్రప్రదేశ్‌లో 175 స్థానాలకు 875. రాష్ట్రమంతటా ఒకే రకం మోసం జరిగితే పట్టేయడానికి అది బోలెడు. ఒక్క స్థానంలోనే జరిగితే?

250 బూత్‌లున్న చోట 5 యంత్రాల్లో తేడా ఉందనుకోండి. లాటరీలో వచ్చిన ఐదింటిలో వాటిలో ఒక్కటైనా పడే అవకాశం 9.7 శాతం. తేడా 25 యంత్రాల్లో ఉంటే 41 శాతం. 50 యంత్రాల్లో ఉన్నా 68 శాతమే, అంటే మూడుసార్లకు ఒకసారి తప్పించుకుపోతుంది. ఆ మొదటి 5 యంత్రాల తేడాను 95 శాతం నమ్మకంతో పట్టాలంటే 112 బూత్‌ల స్లిప్పులు లెక్కపెట్టాలి. దేశం మొత్తానికి సరిపోతాయన్న 479, ఈ లెక్కన ఐదు నియోజకవర్గాలకు కూడా రావు!

అలాగని అన్నిచోట్లా 112 అక్కర్లేదు. మెజారిటీ 40 వేలుంటే ఫలితం తారుమారు కావడానికి చాలా యంత్రాలు చెడాలి, కాబట్టి కొద్ది బూత్‌లు చూసినా దొరుకుతుంది. మెజారిటీ 600 ఉంటే దాదాపు అన్నీ లెక్కపెట్టాల్సిందే. మెజారిటీని బట్టి శాంపిల్ పెంచే ఈ పద్ధతిని అమెరికాలోని కొలరాడో 2017 నుంచి రాష్ట్రమంతటా వాడుతోంది. మన దగ్గర అన్నిటికీ ఒకటే అంకె, ఐదు. ఇదేం శాంపిలింగో!

ఇక గ్రాఫుల వాళ్ల సంగతి. చాలా రకాల లెక్కల్లో 1తో మొదలయ్యే సంఖ్యలే ఎక్కువుంటాయనే బెన్‌ఫర్డ్ సూత్రాన్ని బూత్ ఓట్ల మొదటి అంకెల మీద రుద్దకండి. బూత్‌లన్నీ ఇంచుమించు ఒకే సైజులో ఉంటాయి, కాబట్టి ఏ మోసం లేకపోయినా అంకెలు ఆ సూత్రానికి కుదరవు. పోలైన ఓట్లకూ లెక్కించిన ఓట్లకూ తేడా ఉందనేది కాస్త బలమైన వాదనే. 2024 లోక్‌సభ ఎన్నికల్లో లెక్కించినవి 362 స్థానాల్లో తక్కువని, 176 స్థానాల్లో ఎక్కువని ఎన్నికల లెక్కలు పరిశీలించే స్వచ్ఛంద సంస్థ ఏడీఆర్ బయటపెట్టింది. తక్కువ రావడానికి ఒక మామూలు కారణముంది. పోలింగ్ పొద్దున పరీక్ష కోసం వేసిన మాక్ ఓట్లను ప్రిసైడింగ్ అధికారి క్లియర్ చేయడం మరిచినా, ఓట్లు నమోదయ్యే కంట్రోల్ యూనిట్ మొత్తం ఫారం 17సీతో (బూత్‌లో పోలైన ఓట్ల లెక్క రాసే పత్రంతో) సరిపోకపోయినా అప్పట్లో ఆ యంత్రాన్ని పక్కన పెట్టేవారు. మెజారిటీ అలాంటి యంత్రాల్లోని ఓట్లకంటే ఎక్కువైతే వాటినసలు లెక్కించేవారు కాదు. ఎక్కువ వచ్చినచోట ఈ సమాధానం పనికిరాదు. అక్కడ బూత్‌వారీ వివరణ ఇవ్వాల్సింది ఎన్నికల సంఘమే.

అభ్యర్థులూ, ఏజెంట్లూ, మీ చేతిలో ఉన్న పని ముందు చేయండి. పోలింగ్ ముగియగానే ప్రతి బూత్‌లో 17సీ కాపీ సంతకంతో తీసుకోండి. అందులో కంట్రోల్ యూనిట్ నంబరు, సీళ్ల నంబర్లు, మొత్తం ఓట్లు ఉన్నాయో లేదో అక్కడే చూసుకోండి. కౌంటింగ్ టేబుల్ మీద రిజల్ట్ నొక్కకముందే నంబరూ మొత్తమూ సరిచూసి, తేడా ఉంటే ఆ రౌండ్‌లోనే రిటర్నింగ్ అధికారికి (ఆర్‌వోకు) రాతపూర్వకంగా ఇవ్వండి. స్లిప్పులకూ యంత్రానికీ తేడా వస్తే ఎన్నికల నిర్వహణ నియమాల్లోని నిబంధన 56డి ప్రకారం చెల్లేది స్లిప్పుల లెక్కే. నాలుగు రోజులయ్యాక టీవీలో అరిస్తే ఆ కాగితాలు పుట్టుకురావు.