బావ బండి, అక్క టైల్స్

పాత మోటార్‌సైకిళ్లున్నవాళ్లకి ఓ వేదాంతం ఉంటుంది. ఇంజన్ కింద చుక్క పడుతోందంటే లోపల ఆయిల్ ఉన్నట్టు లెక్క. పడటం ఆగిపోతే అప్పుడు కంగారుపడాలి. మా బావ ఈ మాట చెప్పే అక్కని ఒప్పించాననుకున్నాడు. పోర్టికోలో లేత రంగు టైల్స్ వేయించేదాకా ఆ నమ్మకానికి ఢోకా రాలేదు.

బండి 1960ల నాటి ఇంగ్లీషు బండి, రెండు సిలిండర్లది. ఏ కంపెనీదో చెప్పను, బావ ఊరుకోడు. 1937లో ఎడ్వర్డ్ టర్నర్ గీసిన స్పీడ్ ట్విన్‌ని ట్రయంఫ్ వాళ్లు బయటికి తెచ్చాక, మిగతా ఇంగ్లీషు కంపెనీలు కూడా అదే దారి పట్టాయి. రెండు పిస్టన్లూ జంటగా పైకి, జంటగా కిందికి. చూడ్డానికి ముచ్చటే. కానీ రెండూ ఒక్కసారే కిందికి దిగితే క్రాంక్ కేసులో, అంటే ఇంజన్ అడుగు పెట్టెలో, ఉన్న గాలి ఎటు పోవాలి? దానికని బ్రీదర్ అనే చిన్న దారి పెట్టారు. ఆ దారి మూసుకుపోతే గాలి సైకిల్ పంపులోలా నొక్కుకుపోయి, ప్యాకింగ్ ఎక్కడ వీక్‌గా ఉంటే అక్కడినుంచి ఆయిల్‌ని వెంటబెట్టుకుని బయటికొస్తుంది. పైగా ఈ ఇంజన్ల క్రాంక్ కేసు నిలువునా రెండు ముక్కలు, అతుకు సరిగ్గా ఆయిల్ చేరే అడుగునే ఉంటుంది. 1969లో వచ్చిన హోండా సీబీ 750కి కేసు అడ్డంగా విడిపోయేలా చేశారు, దాని కింద నేల పొడిగా ఉండేది. ఈ ముక్క అంటే బావ మొహం చిట్లించి, "దానికి వ్యక్తిత్వం లేదురా" అంటాడు.

ఈ బండి వ్యక్తిత్వం పట్టడానికి మొదట ఓ పళ్లెం పెట్టాడు. తర్వాత అట్టపెట్టె. ఆ తర్వాత అట్టపెట్టె కింద పళ్లెం.

"ఏవండీ, ఆయిల్ బండికి పోస్తున్నారా, బండి మీదుగా టైల్స్‌కి పోస్తున్నారా?" అంది అక్క ఓ రోజు. బావకి రోషం వచ్చి పానా అందుకున్నాడు.

బావకి తెలిసిన వైద్యం ఒక్కటే, బిగించడం. మరి అవి మెత్తటి అల్యూమినియం కవర్లు. గట్టిగా బిగిస్తే స్క్రూ ఉన్న చోట లోపలికి నొక్కుకుంటాయి, రెండు స్క్రూల మధ్య ఉబ్బుతాయి. ఆ ఉబ్బులోంచి ఆయిల్ ఇంకా హాయిగా దిగుతుంది. బావ ఇంకో చుట్టు తిప్పాడు. స్క్రూ పట్టే మర కాస్తా అరిగిపోయి, స్క్రూ ఎటు తిప్పితే అటు తిరగడం మొదలెట్టింది. "బిగిసింది" అన్నాడు చెమట తుడుచుకుంటూ.

తర్వాత సీలెంట్ ట్యూబు వచ్చింది. దానితో ఓ చిక్కుంది. కవర్ నొక్కినప్పుడు బయటికి ఎంత ముద్ద వస్తుందో లోపలికీ అంతే పోతుంది. బయటిది కనబడుతుంది కాబట్టి తుడుస్తాం. లోపలిది ఎప్పుడో ఊడి, ఆయిల్ సన్నటి దారుల్లో ఎక్కడ అడ్డం పడుతుందో చెప్పలేం. పల్చటి పూత చాలు. బావ మాత్రం గోడ పగులు పూడుస్తున్నంత శ్రద్ధగా పట్టించాడు.

అసలు ఎక్కడినుంచి కారుతోందో చూడాలిగా? చుక్క గేర్‌బాక్సు కింద పడుతోంది కాబట్టి గేర్‌బాక్సు సీలు అప్పటికే మార్పించాడు. చుక్క పడటం మానలేదు. పౌడర్ వేసి చూద్దాం అన్నాను. ఇంజన్‌ని కిరోసిన్‌తో శుభ్రంగా కడిగి, ఆరబెట్టి, మీద పౌడర్ చల్లి కాసేపు నడిపితే ఆయిల్ బయల్దేరే చోటు తడిగా కనబడుతుంది. మామూలు టాల్కం చాలన్నాను. బావ మా అక్క పౌడర్ డబ్బానే తెచ్చాడు, అదీ బావ చెల్లెలు విదేశం నుంచి పంపింది.

పెళ్లికి తయారైనట్టు తెల్లగా, ఘుమఘుమలాడుతూ ఇంజన్ స్టార్టయింది. ఇద్దరం గొంతుక్కూర్చున్నాం. కాసేపు ఏమీ లేదు. తర్వాత వాల్వుల్ని కదిపే కడ్డీలుండే పుష్‌రాడ్ గొట్టం అడుగున వెంట్రుకంత గీత నల్లబడింది. అది ఇంజన్ చల్లబడటానికి ఉండే ఫిన్నుల సందుల్లో దిగి, కేసు అంచు పట్టుకుని వెనక్కి నడిచి, గేర్‌బాక్సు కింద చుక్కై వేలాడింది. రోడ్డు మీదైతే గాలి కూడా తోడై ఇంకా వెనక్కి నెడుతుంది. పాపం, గేర్‌బాక్సుకి ఏ పాపం తెలియదు. ఇంతలో ఇంజన్ పైనుండే రాకర్ మూత దగ్గర ఇంకో తడి, పక్కనుండే టైమింగ్ కవర్ కింద మరోటి. ఇన్ని చోట్ల ఒక్కసారే ఎందుకు తడుస్తోంది అన్న ప్రశ్న బావకి రావాల్సింది. రాలేదు. పౌడర్ డబ్బా ఖాళీగా కనబడితే ఏం చెప్పాలా అనే టెన్షన్‌లో ఉన్నాడు.

వానాకాలమంతా బండి కదల్లేదు. ఓ ఆదివారం ఆఫీసు పెద్దాయన చూడటానికి వస్తానన్నారు. బావ పొద్దున్నే ఆయిల్ టాంకు మూత తీశాడు. అడుగు కనబడుతోంది. "చూశావా, నిలబడే తాగేసింది!" అని అంచుదాకా నింపాడు.

ఆయిల్ ఎక్కడికీ పోలేదు. ఈ బండ్లలో ఆయిల్ వేరే టాంకులో ఉంటుంది. రోజుల తరబడి నిలబెడితే, పంపులో దారి మూసే గోళీ సరిగ్గా కూర్చోకపోతే, ఆయిల్ మెల్లగా జారి ఇంజన్ అడుగుకి చేరుతుంది. అందుకే లెవెల్ చూడాల్సింది ఇంజన్ కాసేపు నడిచాక. పాత ఆయిలంతా అడుగున, కొత్త ఆయిలంతా టాంకులో. బావ బిగువుగా నిలబడి కిక్కు కొట్టాడు. పెద్దాయన అప్పుడే గేటు తీశారు.

ముందు పొగ. ఆ పొగలో ఆయన గేటు దగ్గరే ఆగిపోయారు, కనబడక. అడుగునున్న ఆయిల్‌ని తిరుగు పంపు టాంకుకి తోడటం మొదలెట్టింది. తోడే పంపుకి, ఇంజన్‌కి ఆయిల్ పంపించే పంపుకన్నా ఓపిక ఎక్కువ, అలాగే చేస్తారు. నిండిన టాంకులోకి వచ్చిందంతా మూత సందుల్లోంచి సీటు మీదికి, సీటు మీంచి బావ ప్యాంటుకి. కింద ఇంజన్‌లో మిగిలింది అన్ని అతుకుల్లోంచీ దారి వెతుక్కుంది. రాకర్ మూత ఒకటి టప్పున ఎగిరి అక్క ఆరేసిన తెల్లదుప్పటికి తగిలింది.

"అందులో ఆయిల్ ఉందన్నమాట" అంది అక్క.

మర్నాడు వచ్చిన ముసలి మెకానిక్ ఏ పానా తీయలేదు. బ్రీదర్ పైపు చివర పట్టుకుని లోపలికి ఓ పుల్ల పెట్టాడు. ఎండిన మట్టి రాలింది. లోపల కుమ్మరి పురుగు చక్కగా గూడు కట్టుకుని ఉంది. "సార్, మీరు అన్ని దారులూ బిగించారు, అది ఉన్న ఒక్క దారీ మూసింది" అన్నాడు.

ఆ తర్వాత పని చకచకా అయింది. పైపు కడిగి, గాలిని బయటికే వదిలి లోపలికి రానివ్వని చిన్న వాల్వు పెట్టాడు. పంపు గోళీని మళ్లీ కుదురుగా కూర్చోబెట్టాడు. టాంకు పైపుకి ఓ కుళాయి పెట్టించమని బావ అడిగితే ఒప్పుకోలేదు. ఒక్కరోజు తెరవడం మర్చిపోతే ఇంజన్ దారిలోనే పట్టేస్తుందట. బావ మతిమరుపు గురించి అక్క అప్పటికే చెప్పినట్టుంది. ఎక్కువరోజులు నిలబెడితే కిక్కు కొట్టేముందు అడుగు బోల్టు తీసి చేరిన ఆయిల్ వంపేయమన్నాడు. రాగి వాషర్లని మా అక్క గ్యాస్ స్టవ్ మీద ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచాడు, మళ్లీ మెత్తబడి బాగా కూర్చుంటాయని. పోయిన మరకి కొత్త మర వేశాడు.

ఉబ్బిన కవర్లకి మాత్రం సమంగా ఉండే గాజు పలక కావాలన్నాడు. దాని మీద ఎమరీ పేపర్ పరిచి, కవర్‌ని మెల్లగా గుండ్రంగా రుద్దితే అంచంతా ఒకే మట్టానికి వస్తుంది. బావ లోపలికెళ్లి నిమిషంలో మందపాటి పలకతో వచ్చాడు. ఇప్పుడు కవర్ల దగ్గర తడి లేదు. టీపాయ్ మీద కొత్తగా గుడ్డ ఎందుకు పరిచారని అక్క ఇంకా అడగలేదు.