అక్షరాలు వచ్చాయి సరే, చదవడం ఎప్పుడొస్తుంది?

ఒడిశాలో మన పిల్లలకి నడిపే తెలుగు క్లాసులు సగం దారిలో ఆగిపోతున్నాయి. బరంపురం అయినా, పర్లాకిమిడి అయినా, రాయగడ అయినా జరిగేది ఒకటే. వేసవి సెలవుల్లో అచ్చులు, హల్లులు, గుణింతాలు, వత్తులు నేర్పుతాం, ఉగాది సభలో పిల్లవాడు శతక పద్యం గడగడా అప్పజెబుతాడు, చప్పట్లు, సర్టిఫికెట్, ఫొటో. ఇంటికెళ్ళాక అదే పిల్లవాడికి ఎప్పుడూ చూడని తెలుగు పేరా ఒకటి ఇచ్చి చదవమనండి. కూడబలుక్కుంటూ వాక్యం చివరికి చేరేసరికి మొదట్లో ఏం చదివాడో వాడికే గుర్తుండదు. "వీడికి తెలుగు మీద శ్రద్ధ లేదు" అని పెద్దవాళ్ళు తేల్చేస్తారు. ఆ మాట వింటే నాకు కోపం వస్తుంది. వాడి శ్రద్ధంతా అక్షరాలకే ఖర్చయిపోయింది, అర్థానికి మిగల్లేదు, అంతే.

1974లో డేవిడ్ లబెర్జ్, జే శామ్యూల్స్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు చెప్పింది ఇదే. మనిషి ఒక సమయంలో పెట్టగలిగే ధ్యాస కొద్దిపాటిదే, అక్షరాన్ని గుర్తుపట్టే పని దానంతట అది జరిగిపోయే స్థితికి రాకపోతే, చదివినదాన్ని అర్థం చేసుకోవడానికి ధ్యాస చాలదు. తప్పు లేకుండా చదవడం ఒక మెట్టు, ధ్యాస పెట్టకుండానే తప్పు లేకుండా చదవడం దాని పై మెట్టు. మనం మొదటి మెట్టు దగ్గరే సర్టిఫికెట్ చేతిలో పెట్టేస్తున్నాం.

మీ పిల్లలు ఏ మెట్టు మీదున్నారో ఇంట్లోనే చూసుకోవచ్చు. 1935లో స్ట్రూప్ అనే ఆయన చేసిన ప్రయోగం ఉంది: "ఎరుపు" అన్న మాటని నీలం సిరాతో రాసి, సిరా రంగేమిటో చెప్పమంటే బాగా చదవడం వచ్చినవాళ్ళు తడబడతారు, చదవకూడదని ఎంత అనుకున్నా కన్ను చదివేస్తుంది కాబట్టి. ఇలాంటి మాటలు ఓ ఇరవై ఒడియాలో, ఓ ఇరవై తెలుగులో రాసి పిల్లల చేత రంగులు చెప్పించండి. ఒడియాలో తడబడి తెలుగులో హాయిగా చెప్పేశారంటే సంతోషపడకండి, తెలుగు అక్షరం ఇంకా వాళ్ళ కంటికి అలవాటు కాలేదన్నమాట.

మన పిల్లలకి ఇంకో చిక్కు కూడా ఉంది, దీని గురించి ఎవరూ మాట్లాడరు. బడిలో, బజారులో వాళ్ళ కంటికి అలవాటైనది ఒడియా లిపి. "విద్యార్థి" అన్న మాటే తీసుకోండి. మాట రెండు భాషల్లోనూ ఉంది, పిల్లవాడికి తెలుసు. కానీ ఒడియాలో "థ" పెద్దక్షరంగా ఉంటుంది, రేఫ దాని నెత్తిన చిన్న గుర్తులా కూర్చుంటుంది. తెలుగులో సరిగ్గా ఎదురు, "ర" పెద్దదిగా నిలబడితే "థ" కింద వత్తుగా దూరుతుంది. పైగా ఒడియాలో గుండ్రటి సున్నాలా ఉండే అక్షరం "ఠ", మనకేమో అది నిండు సున్న. 1977లో షిఫ్రిన్, ష్నైడర్ చేసిన ప్రయోగాల్లో కొన్ని అక్షరాలని మిగతావాటి మధ్య వెతకడం బాగా సాధన చేసినవాళ్ళకి ఆ పని చూడగానే అయిపోయేలా అలవాటైంది. తర్వాత వెతకాల్సినవాటినీ వదిలెయ్యాల్సినవాటినీ తారుమారు చేస్తే, సాధన మొదలుపెట్టినప్పటికన్నా అధ్వాన్నంగా చేశారు. ఒక అలవాటు మీద ఇంకో అలవాటు ఎక్కించడం అంత కష్టం. మన పిల్లలు రోజూ చేస్తున్న పని అదే, దానికి మనం వాళ్ళని మెచ్చుకోవాలి. (ఒడియాని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. వర్ణమాల వరస ఒకటే కావడం వల్ల సగం పని అదే చేసిపెడుతోంది.)

ఆ ప్రయోగాల్లోనే తేలిన ఇంకో విషయం మనకి బాగా పనికొస్తుంది. ఎప్పుడూ అవే అక్షరాలు వెతికినవాళ్ళకే ఆ అలవాటు వచ్చింది, వెతకాల్సినవి మాటిమాటికీ మారుస్తూ పోతే ఎంత సాధన చేసినా రాలేదు. మనమేమో వారానికో కొత్త పుస్తకం, కొత్త యాప్, కొత్త ఆట.

పాత బరంపురంలో పట్టుమగ్గం ముందు కూర్చున్న తాతగారిని చూడండి. కాళ్ళు తొక్కుతూనే ఉంటాయి, నాడె అటూ ఇటూ పోతూనే ఉంటుంది, ఆయన మాత్రం మనవడి పెళ్ళిసంబంధం కబుర్లు చెబుతుంటారు. పోగు తెగితే చేతులు ఠక్కున ఆగుతాయి, మాట ఆ తర్వాత ఆగుతుంది. అంచులో కుంభం అనే గోపురం డిజైను వచ్చే చోట మాత్రం కబుర్లు ఉండవు, చూపు మొత్తం అక్కడే. చేతులు నేర్చేసుకున్న పనికి ధ్యాస ఖర్చు పెట్టరు కాబట్టే కుంభానికి కావలసినంత ధ్యాస ఆయన దగ్గర ఉంటుంది. చదువులో కుంభం అంటే అర్థమే.

బాగా వచ్చినవాళ్ళు నేర్పడంలో ఒక ఇబ్బంది కూడా ఉంది. 2014లో వచ్చిన ఒక పరిశోధనలో నిమిషానికి డెబ్బై పైచిలుకు మాటలు టైపు చేసేవాళ్ళకి ఖాళీ కీబోర్డు బొమ్మ ఇచ్చి ఇంగ్లీషు అక్షరాలు ఎక్కడెక్కడ ఉంటాయో నింపమంటే, ఇరవై ఆరింటిలో సగటున పదిహేను మాత్రమే సరిగ్గా పెట్టగలిగారు. వేళ్ళకి తెలిసింది వాళ్ళకి తెలియదు. అమ్మమ్మ "ఇంత చిన్న మాట చదవలేవేంట్రా!" అనడం అందుకే. ఆవిడకి ఆ మాటలో అక్షరాలు విడివిడిగా కనిపించడం ఎప్పుడో మానేశాయి.

మధ్యలో విసుగు కూడా వస్తుంది. 1890ల చివర్లో బ్రయాన్, హార్టర్ టెలిగ్రాఫ్ పని నేర్చుకుంటున్నవాళ్ళని గమనించి, వాళ్ళు ముందు అక్షరాలని, తర్వాత మాటలని, ఆ తర్వాత వాక్యాలని మొత్తంగా పట్టుకుంటారని, మధ్యలో వారాల తరబడి ఎదుగూబొదుగూ లేని కాలం ఒకటి ఉంటుందని రాశారు. ఆ ఆగిపోవడం అందరిలోనూ కనిపించదని తర్వాతివాళ్ళు అన్నారు. మన క్లాసుల్లో మాత్రం నెల తర్వాత ఆ స్థితి బాగానే కనిపిస్తుంది, సరిగ్గా అప్పుడే తల్లిదండ్రులు మాన్పించేస్తారు.

నేనడిగేది చిన్నది. శామ్యూల్స్ 1979లో రాసిన పద్ధతి మన తెలుగు సంఘాలు ఒక ఏడాది పాటు చేసి చూడాలి. చిన్న పేరా ఒకటి తీసుకుని, వేగం వచ్చేదాకా పిల్లల చేత అదే మళ్ళీ మళ్ళీ బయటికి చదివించి, ఆ తర్వాతే రెండోది ఇవ్వాలి. అలా చేసినప్పుడు, ప్రతి కొత్త పేరానీ పిల్లలు మొదటిసారే ఇంకాస్త వేగంగా చదివారు. రోజూ పది నిమిషాలు చాలు. పేరా మనూరిదై ఉండాలి, ఠాకురాణీ జాతర మీదో, గోపాల్‌పూర్ సముద్రం మీదో. ప్రతి అక్షరానికీ అడ్డు తగలకండి, పేరా పూర్తయ్యాక తప్పులు చెప్పండి. ఉగాదికి పద్యాల పోటీ ఉంచుకుందాం, పక్కనే ముందుగా చూపించని పేజీ ఒకటి చదివించే కార్యక్రమం పెడదాం, బహుమతులేమీ లేకుండా.

అసలు అడ్డంకి వేరే ఉంది. ఇప్పటి తల్లిదండ్రుల్లో చాలామందికి ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా చదవడం ఒడియాలోనో ఇంగ్లీషులోనో. వాళ్ళని తప్పుపట్టి లాభం లేదు. చదవగలిగిన పెద్దవాళ్ళు ఇంకా ఉన్నారు, రిటైరైన తెలుగు మాస్టర్లు ఉన్నారు, బెంగళూరులో, అమెరికాలో ఉన్న మనవాళ్ళున్నారు. వాళ్ళు ఒక్కో పేరాని నెమ్మదిగా చదివి వాట్సాప్‌లో వాయిస్ పంపితే, పిల్లలు కాగితం మీద వేలు పెట్టుకుని వింటూ కూడా చదువుతారు, పక్కన కూర్చున్న అమ్మానాన్నలు కూడా. ఒక పేరాకి ఐదు నిమిషాలు పట్టదు. చదవగలిగినవాళ్ళు సంఘం కార్యదర్శికి పేరిస్తే వచ్చే వారమే మొదలుపెట్టొచ్చు, వేసవి సెలవుల దాకా ఆగక్కర్లేదు.