అప్‌డేట్ అంటే ఎమోజీలేనా?

ఫోను, ట్యాబు, వాచీ, టీవీ అన్నీ ఒకే కంపెనీవి కొన్నాక, ఈసారి అప్‌డేట్‌లో ఏమొస్తుందా అని ఎదురుచూడడమే మా ఇంట్లో పనైపోయింది, తీరా వచ్చేవేమో కొత్త ఎమోజీలు, వాల్‌పేపర్లు. అవి ఎవరడిగారండీ? రాజోలు నుంచి అత్తయ్య తెలుగులో మెసేజ్ పెడితే ఫోన్‌లో శుభ్రంగా కనిపిస్తుంది, అదే వాచీలో ఒత్తులన్నీ ఊడిపోయి పొల్లులు పెట్టిన అక్షరాలు వరసగా నిలబడతాయి. అన్ని భాషల అక్షరాలకీ కంప్యూటర్లు, ఫోన్లు వాడే ఉమ్మడి పద్ధతి యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచీ ఉంది. హల్లుని, ఒత్తుని కలిపి చూపించే పని ఫోను చేస్తున్నప్పుడు వాచీకేం రోగం?

ఇక అప్‌డేట్ సైజు రెండు మూడు జీబీ, అదీ వైఫైలోనే దిగుతుందట. కోనసీమలో గాలివాన మొదలైతే కరెంటూ నెట్టూ కలిసే పోతాయి, సగం దిగాక ఆగిందంటే మళ్లీ మొదటినుంచే! ఆగిన చోటు నుంచి దిగేలా చేయండి బాబూ, ఇంకేం వద్దు.

ఆఁ, ఇంకొకటి కావాలి. గూగుల్ 2023లో పిక్సెల్ 8కి, శాంసంగ్ 2024లో గెలాక్సీ ఎస్24కి ఏడేళ్ల అప్‌డేట్లు ఇస్తామన్నాయి కదా, మేం కొన్న కంపెనీవాళ్లు మాత్రం ట్యాబుకి మూడో ఏడే మంగళం పాడేశారు. కనీసం సెక్యూరిటీ అప్‌డేట్లయినా ఇవ్వొచ్చుగా, అందులోనే బ్యాంకు యాప్ ఉంది. టీవీ సంగతి అసలు ఎత్తను.