పుస్తకం తిరిగి ఇచ్చే తేదీ ఏది?

డిసెంబరులో మూడో ఎఫ్‌ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) మార్కులను ఆన్‌లైన్‌లో ఎక్కించాల్సిన తేదీకి రెండు రోజుల ముందు ఏ ప్రభుత్వ ఉన్నత పాఠశాల స్టాఫ్ రూముకు వెళ్లినా ఇంగ్లీషు టీచరు బల్ల ఒకే తీరుగా ఉంటుంది. ఒక పక్క తరగతుల వారీగా పేర్చిన నోటుపుస్తకాలు, మరో పక్క రంగు అట్టలు వేసి దారం కట్టిన ప్రాజెక్టు షీట్లు. అలాంటి బల్ల దగ్గర నేను ఇరవై రెండేళ్లు కూర్చున్నాను. ఒక ఏడాది పదో తరగతి ప్రాజెక్టులు చూస్తుంటే, తొమ్మిది మంది నివేదికల్లో ‘గవర్నమెంట్’ అనే మాటకు ఒకే అక్షరం తక్కువైంది. అడిగితే అసలు సంగతి తెలిసింది. బస్టాండు ఎదుటి జిరాక్స్ షాపులో అమ్ముతున్న ప్రింటులోనే ఆ అక్షరం లేదు. పిల్లలు ఆ ప్రింటును మార్జిన్లు గీసి, శీర్షికలకు రంగులు వేసి, ముత్యాల్లాంటి అక్షరాలతో ఎక్కించి, గడువు లోపలే తెచ్చి ఇచ్చారు. నేను ఐదుకు నాలుగో ఐదో వేసి పంపాను. ఆ నివేదిక రాసినందువల్ల వాళ్లలో ఎవరికీ ఒక్క ఇంగ్లీషు వాక్యమైనా సొంతంగా రాయడం రాలేదని తెలిసే వేశాను.

మన హైస్కూళ్లలో ఇంగ్లీషు అసైన్‌మెంటుకు పెట్టే గడువు మార్కుల పట్టిక నింపడానికి పనికొస్తున్నదే గానీ భాష నేర్పడానికి పనికిరావడం లేదు. పిల్లవాడు ఏ రోజు పుస్తకం ఇవ్వాలో చెప్పే తేదీ ఉంది. టీచరు దాన్ని దిద్ది ఏ రోజు తిరిగి ఇవ్వాలో చెప్పే తేదీ లేదు. ఈ రెండో తేదీ లేనంత కాలం మొదటి తేదీని ఎంత కచ్చితంగా పాటించినా ప్రయోజనం శూన్యమని నా వాదన.

నేపథ్యం అందరికీ తెలిసిందే. 2009 విద్యాహక్కు చట్టం నిరంతర సమగ్ర మూల్యాంకనం జరగాలన్నది. ఏడాదికి నాలుగు ఎఫ్‌ఏలు, ఒక్కోదానిలో పఠన ప్రతిస్పందనలకు 5, రాత పనికి 5, ప్రాజెక్టుకు 5, స్లిప్ టెస్టుకు 5, మొత్తం 20 మార్కులు పెట్టారు. పదో తరగతిలో ఆ 20కి పబ్లిక్ పరీక్ష 80 కలిపారు. ప్రైవేటు పాఠశాలలు ఆ ఇరవైకి ఇరవై ధారాళంగా వేసుకుంటున్నాయన్న ఫిర్యాదుల మధ్య ఆంధ్రప్రదేశ్ 2019లో పదో తరగతి అంతర్గత మార్కులను తీసేసింది. తెలంగాణ 2024 నవంబరులో తీసేస్తామని ప్రకటించి, వెంటనే దాన్ని తర్వాతి విద్యా సంవత్సరానికి వాయిదా వేసుకొని, 2025 ఆగస్టులో మళ్లీ 80:20 పద్ధతినే కొనసాగిస్తామన్నది. ఈ తర్జనభర్జనలో ప్రభుత్వాలు అడిగిన ప్రశ్న ఒక్కటే: ఈ మార్కులను నమ్మవచ్చా? ఈ పని వల్ల పిల్లవాడికి ఏమైనా వచ్చిందా అన్న ప్రశ్న ఎవరూ అడగలేదు.

నమ్మకం సంగతికే వస్తే, కొవిడ్ కాలం దాన్ని తేల్చేసింది. 2021లో తెలంగాణ పదో తరగతి పరీక్షలు రద్దయినప్పుడు ప్రభుత్వం చేతిలో ఉన్నది మొదటి ఎఫ్‌ఏ మార్కులు మాత్రమే. వాటినే వందకు లెక్కగట్టి గ్రేడులు ఇస్తే, 5.21 లక్షల మందిలో 2.10 లక్షల మందికి పదికి పది జీపీఏ వచ్చింది. ప్రతి ఐదుగురిలో ఇద్దరు అన్ని సబ్జెక్టుల్లోనూ అత్యుత్తములన్న మాట. పిల్లలను తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. తేదీకి పట్టిక నిండితే చాలునని వ్యవస్థ చెప్పింది, పట్టిక నిండింది.

ఇప్పుడు టీచరు వైపు నుంచి లెక్క చూద్దాం, ఎందుకంటే అసలు కథ ఇక్కడే ఉంది. ఐదు తరగతులకు ఇంగ్లీషు చెప్పే స్కూల్ అసిస్టెంటు ఒకరున్నారనుకుందాం. తరగతికి నలభై మంది చొప్పున రెండు వందల పుస్తకాలు. ఒక పేజీ లేఖనో డైరీనో నిజంగా చదివి, తప్పు గుర్తించి, పక్కన ఒక మాట రాయడానికి ఐదు నిమిషాలు పడుతుంది. అంటే వెయ్యి నిమిషాలు. 45 నిమిషాల పీరియడ్ల లెక్కన ఇరవై రెండు పీరియడ్లు. రోజుకు ఒకటి రెండు లీజర్ పీరియడ్లు దొరికే మనిషికి, అవి కూడా సెలవులో ఉన్న టీచరు తరగతికి పోవాల్సి వచ్చే బడిలో, ఒక్క విడత కరెక్షన్‌కు రెండు మూడు వారాలు కావాలి. కానీ మనం ఐదు తరగతులకూ ఒకే వారంలో గడువు పెట్టి, రెండు వందల పుస్తకాలనూ ఒకేసారి బల్ల మీద పోయించుకుంటున్నాం. అప్పుడు జరిగేది ఒక్కటే. ఎర్ర సిరాతో పేజీకొక పెద్ద టిక్కు, కింద సంతకం, తేదీ. ‘షీ డిడ్ నాట్ వెంట్’ అన్న వాక్యం మీదుగా కూడా ఆ టిక్కు పోతుంది. పిల్లవాడు దాన్ని చూసి అది ఒప్పేనని నమ్ముతాడు. దిద్దని పుస్తకం కన్నా ఇలా టిక్కు పెట్టిన పుస్తకం ఎక్కువ చెరుపు చేస్తుంది. దిద్దని తప్పు తప్పుగానే మిగిలితే, టిక్కు పడిన తప్పు టీచరు సాక్షిగా ఒప్పయి కూర్చుంటుంది.

కాబట్టి తరగతులన్నిటికీ ఒకే గడువు పెట్టడం ముందు మానాలి. పదో తరగతి సోమవారం, తొమ్మిది మంగళవారం, ఎనిమిది బుధవారం, ఇలా రోజుకొక తరగతి పుస్తకాలు రావాలి. అలా వచ్చిన నలభైలోనూ పూర్తిగా చదవాల్సినవి పది. మిగతా ముప్పైలో ఆ వారం చెప్పిన ఒక్క అంశాన్నే చూడాలి. భూతకాల క్రియలు చెప్పిన వారం క్రియలు మాత్రమే దిద్దాలి, స్పెల్లింగుల జోలికి పోకూడదు. వచ్చే వారం మరో పది పూర్తిగా. నెల తిరిగేసరికి ప్రతి బిడ్డ పుస్తకమూ ఒకసారి మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివినట్టవుతుంది. ఒకేసారి ముప్పై ఎర్ర గీతలు పడిన పేజీని చూసి పదమూడేళ్ల పిల్లవాడు నేర్చుకునేది తనకు ఇంగ్లీషు రాదన్న ఒక్క విషయమే. మూడు గీతలు పడితే ఆ మూడూ సరిచేసుకుంటాడు.

దిద్దిన పుస్తకం వారం లోపు పిల్లవాడి చేతికి రావాలి. ఇందులో మినహాయింపు ఉండకూడదు. పాత రాత తిరిగి ఇవ్వనిదే కొత్త రాత పని ఇవ్వకూడదన్న నియమం ఒక్కటి పెట్టుకుంటే మిగతా క్రమశిక్షణ అంతా దానంతట అదే వస్తుంది. ఎందుకంటే అప్పుడు గడువు ఇద్దరిదీ అవుతుంది. సారు కూడా తేదీకి కట్టుబడి ఉన్నారని పిల్లలు గమనిస్తారు, వాళ్లు గమనించనిదంటూ ఉండదు. ఇచ్చిన పుస్తకం మూడు వారాలు స్టాఫ్ రూములో పడి ఉంటే, తాను రెండు రోజులు ఆలస్యంగా ఇవ్వడం ఎందుకు తప్పో పిల్లవాడికి ఏ టీచరూ నచ్చజెప్పలేడు. పుస్తకం తిరిగి ఇచ్చాక అదే లేఖను మళ్లీ రాయించాలి. దిద్దిన చోట్లు సవరించి రాసిన ఆ రెండో ప్రతికే మార్కులు వేయాలి. మొదటి ప్రతికి మార్కులుండవని తెలిసిన రోజున గైడు చూసి ఎక్కించుకు రావాల్సిన అవసరం సగం పోతుంది.

ఆ మొదటి ప్రతిని ఎక్కడ రాయాలన్నది ఇంకా ముఖ్యం. బడిలోనే, పీరియడ్‌లోనే, టీచరు ఎదుటే రాయాలి. వారానికి ఆరు పీరియడ్లుంటే అందులో ఒకటి కేవలం రాతకు కేటాయించాలి. సిలబస్ ఎప్పుడు పూర్తవుతుందని హెచ్‌ఎంలు అడుగుతారని తెలుసు. తెలంగాణ పదో తరగతి ఇంగ్లీషు పుస్తకంలో ఎనిమిది యూనిట్లు, ప్రతి యూనిట్ చివరా ఒక ప్రాజెక్టు. ఊళ్లో నలుగురిని కలిసి, వివరాలు సేకరించి, నివేదిక రాసి, తరగతి ముందు చెప్పాలని పాఠ్యపుస్తకం కోరుతున్నది. మంచి ఆలోచనే. కానీ ఆ ఎనిమిదింటినీ జిరాక్స్ షాపు నుంచి తెప్పించుకోవడం కన్నా, రెండింటిని ఎంచుకొని తరగతిలో కూర్చోబెట్టి రాయించడం వెయ్యి రెట్లు మేలు. ఇప్పుడు షాపు దాకా పోనక్కర కూడా లేదు. ఫోనులో ఒక ప్రశ్న టైపు చేస్తే పేజీ నిండా తప్పుల్లేని ఇంగ్లీషు వచ్చి పడుతుంది. ఇంటి దగ్గర రాసుకొచ్చే ఇంగ్లీషు అసైన్‌మెంటు అనే పద్ధతికి ఇక కాలం చెల్లింది. దాని మీద ఇంకా మార్కులు వేస్తుండటం మనల్ని మనం మోసం చేసుకోవడమే.

గడువులే లేకపోతే పిల్లలకు క్రమశిక్షణ ఎలా వస్తుంది, రేపు ఉద్యోగంలో పై అధికారి ఆగుతాడా, ఆలస్యానికి మార్కులు కోస్తేనే భయం ఉంటుంది కదా అని వాదించే టీచర్లు ఉన్నారు, వాళ్లలో నాకన్నా గొప్పగా పాఠం చెప్పినవారూ ఉన్నారు. గడువు వద్దని నేను అనడం లేదు. కానీ ఎఫ్‌ఏలోని ఆ ఐదు మార్కులు భాషకు ఇచ్చినవి, విధేయతకు ఇచ్చినవి కావు. ఆలస్యానికి రెండు మార్కులు కోస్తే ఆ మూడు మార్కులు పిల్లవాడి ఇంగ్లీషు గురించి అబద్ధం చెబుతాయి. ఆలస్యానికి విరుగుడు మార్కుల కోత కాదు, ఆ పని పూర్తి చేయించడం. ఇవ్వనివాళ్ల పేర్లు బోర్డు మూలన రాసి, మధ్యాహ్న భోజనం తర్వాత పావుగంటో, సాయంత్రం ఆటల పీరియడ్‌కు ముందు పావుగంటో పక్కన కూర్చోబెట్టుకొని రాయిస్తే, సున్నా వేసి వదిలేసిన దానికన్నా అదే గట్టి క్రమశిక్షణ. సున్నాతో పిల్లవాడు పని తప్పించుకుంటాడు, పక్కన కూర్చోబెడితే తప్పించుకోలేడు.

ఆలస్యంగా ఇచ్చేవాళ్లు ఎవరో కూడా ఒకసారి చూడాలి. మూడో ఎఫ్‌ఏ వచ్చే కాలమూ, వరంగల్, ఆదిలాబాద్ వైపు పత్తి ఏరే కాలమూ ఒకటే. నాలుగో ఎఫ్‌ఏ వచ్చేసరికి ఖమ్మం, గుంటూరు వైపు మిరప కోతలు మొదలవుతాయి. హాజరు పట్టీలో ఆ వారాల్లో గైర్హాజరు గుర్తులు ఎవరి పేర్ల పక్కన పడతాయో ఏ టీచరుకైనా కంఠతా వచ్చు. పొద్దంతా చేలో ఉండి, దీపాలు పెట్టే వేళకు ఇంటికి వచ్చి, తమ్ముణ్ని చూసుకుంటూ వంట చేసే పిల్లకు ఇంటిపని గడువు పెడుతున్నాం. ఆ ఇంట్లో ఇంగ్లీషు వాక్యం సరిచూసే మనిషి లేడు. ఇదే పాఠం చదివే పట్నపు ప్రైవేటు బడి పిల్లవాడికి ట్యూషన్ సారు ఉన్నాడు, ఇంగ్లీషులో మాట్లాడే తల్లిదండ్రులు ఉన్నారు. ఇంటి దగ్గర చేసే అసైన్‌మెంటుకు మార్కులు వేయడమంటే ఆ ఇంటికి మార్కులు వేయడం.

ఇంగ్లీషు మాధ్యమం గురించి మన దగ్గర జరిగిన చర్చంతా ఈ విషయాన్ని పక్కన పెట్టి జరిగింది. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మాధ్యమం కోసం జీవో వచ్చింది, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. తెలంగాణ 2022-23లో ఒకటి నుంచి ఎనిమిది తరగతుల దాకా ఇంగ్లీషు మాధ్యమాన్ని తెచ్చింది. మాతృభాష అని ఒక పక్షం, పేదవాడికి ఇంగ్లీషు హక్కు అని మరో పక్షం ఏళ్ల తరబడి వాదించుకున్నాయి. రెండో పక్షం వాదనలో న్యాయం ఉంది, నేను ఆ పక్షమే. కానీ పుస్తకాల భాష మార్చినంత మాత్రాన ఇంగ్లీషు రాదు. రాసిన వాక్యాన్ని ఒక మనిషి చదివి, ఇది ఇలా కాదమ్మా, ఇలా అని చెప్పి, మళ్లీ రాయించినప్పుడే వస్తుంది. దొరల పిల్లలకు ఆ మనిషి ఇంట్లోనే ఉంటాడు. కూలి బిడ్డకు ఆ మనిషి బడిలోని ఇంగ్లీషు టీచరు ఒక్కరే, ఆ బిడ్డకు ఆ టీచరు దొరికేది పుస్తకం దిద్దే ఆ ఐదు నిమిషాలే. ఆ ఐదు నిమిషాలను ఆన్‌లైన్ ఎంట్రీలకూ, రకరకాల యాప్‌లకూ, గుట్టలుగా పడ్డ ఒకే రోజు గడువులకూ పోగొట్టి, మేము పేదలకు ఇంగ్లీషు ఇచ్చామని ఏ ప్రభుత్వమూ చెప్పుకోవడానికి వీల్లేదు. రికార్డులు తనిఖీ చేయడానికి వచ్చే మోడరేషన్ బృందాలు పుస్తకం ఎన్ని పేజీలు నిండిందో చూడటం మాని, ఇచ్చిన తేదీకీ తిరిగి ఇచ్చిన తేదీకీ మధ్య ఎన్ని రోజులున్నాయో, రెండో ప్రతి ఉందో లేదో చూడాలి. మార్కుల రిజిస్టరులో ఆ రెండు గడులు కలపడానికి కొత్త బడ్జెట్ అక్కర్లేదు, ఒక ఉత్తర్వు చాలు.

నా ఉద్యోగంలోని చివరి రెండేళ్లు నేను ఈ పద్ధతిలోనే నడిపాను. ఎనిమిదో తరగతిలో ఒక అమ్మాయి పత్తి ఏరే రోజుల్లో వారం తర్వాత బడికి వచ్చింది. తప్పిపోయిన డైరీ రాతను భోజనం తర్వాత నా బల్ల పక్కన కూర్చొని రాసింది. మొదటి ప్రతిలో నాలుగే వాక్యాలు. ‘మై మదర్ ఈజ్ పికింగ్ కాటన్ ఎస్టర్‌డే’ అన్న దగ్గర క్రియ కింద గీత గీసి, నిన్న జరిగిన పని కదా అని పక్కన తెలుగులో రాసి శుక్రవారం తిరిగి ఇచ్చాను. సోమవారం రెండో ప్రతి తెచ్చింది. ‘మై మదర్ పిక్డ్ కాటన్ ఎస్టర్‌డే’ అని సరిచేసింది. దాని కింద నేను అడగని వాక్యం మరొకటి ఉంది: ‘ఐ క్యారీడ్ ద వాటర్.’